‘మిల్క్’ పక్కన ‘ఆర్’ ఎందుకు పెట్టావంటే

చిరంజీవికి ఆశీస్సులు.

నీ తొలి ఇంగ్లీషు కథ అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి చేతిలో పెన్సిలు ఉంది, అందుకే ఈ ఉత్తరం.

వంటింటి సన్నివేశంలో పాలు పొంగుతున్నాయని రాస్తూ ‘మిల్క్’ పక్కన ఏకవచనపు ‘ఈజ్’కు బదులు బహువచనపు ‘ఆర్’ పెట్టావు. పరాకున పడ్డ తప్పని కొట్టేయబోయి ఆగాను. అది నీ చెవి చేసిన పని. మనకు పాలు పొంగుతాయి, నీళ్లు కాగుతాయి. వాడుకలో రెండూ బహువచనాలే. ఇంగ్లీషువాళ్లకు రెండూ లెక్కకు అందని సరుకు, కాబట్టి ఏకవచనం. సలహా దగ్గరికి వచ్చేసరికి మనం నాలుగు సలహాలు ఇస్తాం, వాళ్లకు ‘అడ్వైస్’ కూడా పాలలాంటిదే. నీ కథలో ‘అడ్వైసెస్’, ‘ఫర్నిచర్స్’, ‘ఇన్ఫర్మేషన్స్’ మూడూ ఉన్నాయి. మనం చెంబెడు నీళ్లు అన్నట్టే వాళ్లు ‘పీస్’ అనే మాటను ముందు పెట్టి సలహానూ సమాచారాన్నీ కుర్చీలనూ బల్లలనూ ఒకే గిన్నెతో కొలుస్తారు.

పేరును తెలిపేది నామవాచకం అని బడిలో వల్లించాం. ఆ నిర్వచనాన్ని నమ్మడం మానేసి నాకు చాలా కాలమైంది. మాటను విడిగా నిలబెట్టి నీది ఏ జాతి అని అడిగితే అది చెప్పదు. తెలుగులోనే చూడు: ‘ఆమె నవ్వు బాగుంది’లో నవ్వు నామవాచకం, ‘కాస్త నవ్వు’ అంటే క్రియ. చదువూ అంతే. మనకు ఇలాంటివి కొన్నే, ఇంగ్లీషులో అడుగడుగునా ఇవే. ‘వాటర్’ అంటే నీళ్లు, మొక్కలకు నీళ్లు పోయడమూ అదే మాట. ‘రౌండ్’ అయితే నామవాచకం, విశేషణం, క్రియ, క్రియావిశేషణం, ప్రిపొజిషన్ అని అయిదు వేషాలు కడుతుంది. ‘రికార్డ్’ లాంటివి పలుకులో బయటపడతాయి. నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండోదాని మీద.

మరి జాతి తేల్చేది ఏమిటి? వాక్యంలో దాని చోటు. ఇంగ్లీషులో ఎవరు ఎవరిని పట్టారో చెప్పేదీ ఆ చోటే. ‘పిల్లి ఎలుకను పట్టింది’, ‘ఎలుకను పిల్లి పట్టింది’ అని మనం ఎటు తిప్పినా చచ్చేది ఎలుకే, ఆ ‘ను’ చలవ. ఇంగ్లీషు నామవాచకానికి ఆ తోక లేదు. చోటు మార్చావా, పిల్లి చస్తుంది.

ఈ మాటల జాతులనే భాషాభాగాలు అంటారు. అవి ఎనిమిదన్న లెక్క గ్రీకుల నుంచి వచ్చింది. వాళ్లు విశేషణాన్ని నామవాచకంలోనే కలిపేశారు. లాటిన్ పండితులు తమ భాషలో ఇంగ్లీషు ‘ది’ లాంటి ఆర్టికల్ లేదు కనుక దాన్ని దించేసి, ఎనిమిది చెడకుండా ఆశ్చర్యార్థకాన్ని ఆ పీట మీద కూర్చోబెట్టారు. మన బడి వ్యాకరణం అయిదుతోనే కాపురం వెళ్లదీస్తోంది. సంఖ్య మీద భక్తి పెంచుకోకు.

ఇంకొకటి. పరభాష క్రియను కూడా మనం నామవాచకంలా తెచ్చుకుని పక్కన ‘చేయు’ను కాపలా పెడతాం: బుక్ చేశాను, కట్ చేశాను. ఆ అలవాటు నీ ఇంగ్లీషులోకీ వెళ్లినట్టుంది. ‘డిసైడ్’ అనే ఒక్క క్రియతో పోయేదానికి ‘డెసిషన్’ అనే బరువెత్తి, దాన్ని మోయడానికి ఇంకో క్రియను కూలికి పిలిచావు. ఒకే పేజీలో నాలుగుచోట్ల. మన పత్రికలకూ ఉన్న జబ్బే ఇది. ‘తనిఖీ చేశారు’ చాలినచోట ‘తనిఖీలు నిర్వహించారు’ అంటాయి.

ఆ నాలుగు వాక్యాలూ తిరగరాసి పంపు, పాల వాక్యమూ సరిచెయ్యి. మూడో పేజీలో బామ్మ నోట వచ్చిన ‘అడ్వైసెస్’ను మాత్రం ముట్టుకోకు. ఆవిడ ఇంగ్లీషు అదే.