ఆ వాగు ఎవరిది? – వెస్టర్న్ ప్రేమకథ రాస్తున్న చెల్లెలికి

చెల్లీ,

నువ్వు పంపిన ఎనభై పేజీలూ చదివాను. రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. 1880ల వయోమింగ్ (పశ్చిమ అమెరికా), పక్కపక్కనే రెండు రాంచులు, అంటే మందల్ని పెంచే పెద్ద స్థలాలు, ఒకరంటే ఒకరికి పడని ఇద్దరు యజమానులు, తర్వాత ప్రేమ. తెలుగులో ఇలాంటిది రాయాలనుకున్నావంటేనే నాకు చాలా సంతోషం. "మనకెందుకీ కౌబాయ్‌ల గోల" అనేవాళ్లు ఎలాగూ అంటారు, వాళ్ల గురించి టెన్షన్ పడకు.

కానీ ఒక్క చోట ఆగిపోయాను. అసలు వాళ్లిద్దరికీ గొడవ ఎందుకు? అతను తన గురించి ఏదో అన్నాడని ఎవరో చెప్తే ఆమె నమ్మింది, ఆరో అధ్యాయంలో అది అబద్ధమని తేలింది, కోపం పోయింది. ఒక్క మాటతో పోయే గొడవైతే ఈ కథ ఏ ఆఫీసులోనైనా, ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా జరగొచ్చు. వయోమింగ్ దాకా వెళ్లి రాస్తున్నావంటే గొడవ ఆ నేలలోంచి, ఆ నీళ్లలోంచి రావాలి.

నీ నాయకుడికి పదివేల ఎకరాలు "సొంతం" అని రాశావు. ఆ రోజుల్లో చాలామంది రాంచర్లకు సొంతంగా ఉన్నది చాలా తక్కువ. వాళ్ల పశువులు మేసిన నేలలో ఎక్కువ భాగం ప్రభుత్వానిది, కంచెల్లేని బీడు, దాన్నే ఓపెన్ రేంజ్ అనేవాళ్లు. మరి ఒకడు అంత నేలను గుప్పిట్లో ఎలా పెట్టుకున్నాడంటే, వాగు పక్కన కొంచెం భూమి పట్టా చేయించుకుని. నీళ్లు తన చేతిలో ఉంటే ఆ వెనక మైళ్ల కొద్దీ ఉన్న గడ్డి ఇంకొకడికి పనికిరాదు, పశువు తాగకుండా మేయలేదు కదా. ఇప్పుడు చూడు, ఆ వాగు మలుపులో 160 ఎకరాలకు నీ కథలోని అమ్మాయి క్లెయిమ్ వేసిందనుకో, అంటే ఆ ప్రభుత్వ నేల తనకివ్వమని దరఖాస్తు పెట్టిందనుకో. కాగితం మీద అది చిన్న చెక్క. అతనికి మాత్రం అది గొంతు మీద కాలు. అతను మంచివాడే అయినా, ఆమెను ఇష్టపడినా, ఆ 160 ఎకరాలు ఆమె చేతిలో ఉన్నంతకాలం అతని మంద ఆమె దయ మీద బతకాలి. ఇది ఏ క్షమాపణతోనూ తీరే గొడవ కాదు.

ఆ 160 ఎకరాలు 1862 హోమ్‌స్టెడ్ చట్టం ఇచ్చింది. ఇరవై ఒక్క ఏళ్లు నిండిన ఒంటరి స్త్రీ, వితంతువు తమ పేరు మీద క్లెయిమ్ వేయొచ్చు. ఐదేళ్లు అక్కడే ఇల్లు కట్టుకుని ఉండి, సాగు చేసి, సాక్షులతో రుజువు చూపిస్తే పట్టా వస్తుంది. పెళ్లయి భర్తతో ఉంటున్న స్త్రీ మాత్రం మామూలుగా తన పేరున వేయడానికి లేదు. ఇద్దరికీ వేరువేరు క్లెయిములు ఉండి ఇద్దరూ ప్రేమించుకుంటే, పెళ్లయ్యాక ఏ ఇంట్లో ఉంటారు? ఎవరి ఇల్లు ఖాళీ అవుతుందో వాళ్ల భూమికి ముప్పు. నీ నవల మొత్తం ఈ ఒక్క ప్రశ్న మీద నిలబడగలదు, చెల్లీ. నువ్వేమో పదో అధ్యాయంలో చర్చిలో పెళ్లి చేసేశావు, పట్టా ఊసే లేదు.

నిజంగా ఇలా జరిగిందా అంటావేమో. ఎల్లా వాట్సన్ కథ చదువు. 1886లో ఆమె, జిమ్ ఆవెరెల్ వయోమింగ్‌లోని లాండర్‌లో పెళ్లి లైసెన్సు తీసుకున్నారు. అయినా ఆ సంగతి బయటికి చెప్పలేదు. ఆమె తన పేరున విడిగా భూమి క్లెయిమ్ వేసుకోవడానికే అలా దాచారని చరిత్ర రాసినవాళ్లు అంటారు. స్వీట్‌వాటర్ నది ప్రాంతంలో ఆమె క్లెయిమ్ వేసిన చోటును అంతకుముందు నుంచీ ఆల్బర్ట్ బాత్‌వెల్ అనే పెద్ద రాంచర్ వాడుకుంటున్నాడు. 1889 జూలై 20న ఆరుగురు రాంచర్లు వాళ్లిద్దరినీ ఉరి తీశారు, వాళ్లలో బాత్‌వెల్ కూడా ఉన్నాడు. పేపర్లు ఆమెను దొంగ అన్నాయి, వేశ్య అన్నాయి, "క్యాటిల్ కేట్" అని పేరు పెట్టాయి. ఎవరికీ శిక్ష పడలేదు. ఇది చదివిన రోజు నేనింకేమీ రాయలేకపోయాను. నువ్వు విషాదాంతం రాయమని కాదు, నీ ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకున్నప్పుడు చుట్టూ ఇలాంటి మనుషులు ఉన్నారని నీకు తెలిసి ఉండాలి, అంతే. 1892లో అదే వయోమింగ్‌లోని జాన్సన్ కౌంటీ మీదికి పెద్ద రాంచర్లు టెక్సస్ నుంచి తుపాకీ మనుషుల్ని కూలికి తెచ్చుకున్నారు. ఆ గొడవ ఆపడానికి సైన్యం రావాల్సి వచ్చింది.

సంతోషంగా ముగించాలంటే లిజ్జీ జాన్సన్‌ను చూడు. టెక్సస్‌లో బడిపంతులమ్మ, పశువుల వ్యాపారులకు లెక్కలు రాసిపెడుతూ ఆ వ్యాపారం నేర్చుకుంది, సొంత బ్రాండ్, అంటే పశువుల మీద వేసే వాత గుర్తు, రిజిస్టర్ చేయించుకుంది. 1879లో హెజెకయా విలియమ్స్‌ను పెళ్లాడేటప్పుడు తన ఆస్తి తనదేనని ముందే కాగితం రాయించుకుంది. పెళ్లయినా మందలు వేరు, లెక్కలు వేరు. ఇద్దరూ పనివాళ్ల మీద ఒకే ఫోర్‌మన్‌ను పెట్టుకుని, ఒకరి దూడల మీద ఇంకొకరి వాత వేయించేవారని కథలు చెప్తారు. 1914లో ఆయన పోతే 600 డాలర్ల శవపేటిక కొని, ఆ బిల్లు మీద "ఈ ముసలి రాబందును నేను ఇంతగా ప్రేమించాను" అని రాసిందంటారు. పోటీ పెళ్లితో ఆగిపోలేదు చూశావా, ముప్పై ఏళ్లకు పైగా సాగింది. నీ చివరి అధ్యాయంలో ఇద్దరి పోటీ ఒక్కసారిగా మాయమైపోవడం నాకు అందుకే నచ్చలేదు.

మా ఇంటి సంగతి ఒకటి చెప్తాను. మా నాన్న, పెదనాన్న మూరెడు గట్టు కోసం పదకొండేళ్లు మాట్లాడుకోలేదు. ఒక వేసవి మా బావి ఎండిపోయి నారు వాడిపోతుంటే, పెదనాన్న తెల్లవారుజామున వచ్చి తన మోటారు పైపు మా మడిలోకి తిప్పి వెళ్లిపోయాడు. ఒక్క మాట లేదు. గట్టు తగాదా ఆ తర్వాత కూడా అలాగే ఉంది. నాన్న ఆ నీళ్ల వైపు చూస్తూ నిలబడిన తీరు నాకింకా కళ్ల ముందుంది. నీ ప్రేమ సన్నివేశాల్లో ఇద్దరూ తెగ మాట్లాడుకుంటారు. మాట్లాడనివ్వకు, ఒకరి కోసం ఒకరిని ఏదో ఒక పని చెయ్యనివ్వు.

అలాంటి పనికి చరిత్రే చోటు ఇస్తోంది. 1886 వేసవిలో వానల్లేక గడ్డి మాడిపోయింది, అప్పటికే ఆ నేల మోయలేనన్ని పశువులున్నాయి, ఆ వెంటనే 1886–87 శీతాకాలం వచ్చి లక్షల పశువుల్ని చంపేసింది. మంచు తుఫానులో గొడ్లు గాలికి వీపు తిప్పి నడుస్తూ పోతాయి, కంచె అడ్డొస్తే అక్కడే గుంపుగా ఆగి, ఒకదాని మీద ఒకటి పడి చస్తాయి. అతని మంద ఆమె ముళ్లకంచె దగ్గరికి వచ్చి ఆగిందనుకో. రెండేళ్లుగా ఆమె పరువంతా ఆ కంచే. ఆ రాత్రి ఆమె కటింగ్ ప్లేయర్ తీసుకుని బయల్దేరితే, నీ ఏడో అధ్యాయంలోని ముద్దు కంటే అది పెద్దది. నేనైతే అక్కడ ఆమె మనసులో ఏముందో ఒక్క వాక్యం కూడా రాయను, చేతి తొడుగు తీగకు చిక్కి చిరగడం రాస్తాను.

కొన్ని చిన్నవి. నీ మొదటి అధ్యాయం 1868లో ఉంది, అందులో ముళ్లతీగ ఉంది. ముళ్లతీగకు గ్లిడెన్ అనే అతని పేటెంటు 1874లో వచ్చింది, తేదీ అయినా మార్చు, తీగ అయినా తీసెయ్. నీ నాయకుడి మందలో ఒంగోలు గిత్తను పెట్టావు, ప్రేమతోనే పెట్టావని తెలుసు. భారతదేశపు ఎద్దులు 1854లోనే లూసియానా చేరాయి, తర్వాత అమెరికన్ బ్రాహ్మన్ జాతిలో మన ఒంగోలు రక్తమూ కలిసింది, ఇదంతా నిజమే. కానీ అది దక్షిణపు వేడి ప్రాంతాల సంగతి, వయోమింగ్ చలిలోకి దాన్ని ఇరికించకు. ఇంకొకటి, "ఎవరిదీ కాని ఖాళీ నేల" అని రాశావు. అది షయెన్, లకోటా ప్రజల వేట నేల, 1876–77 యుద్ధాల తర్వాత వాళ్లను అక్కడి నుంచి వెళ్లగొట్టాకే ఉత్తర వయోమింగ్‌లోకి మందలు వచ్చాయి. ఆ వాక్యం కొట్టెయ్.

వాళ్లిద్దర్నీ కలపడానికి డ్యాన్సు పార్టీ అక్కర్లేదు, వసంతంలో రౌండప్ చాలు, అంటే చెదిరిన పశువుల్ని అందరూ కలిసి పోగుచేసి ఎవరివి వాళ్లు వేరుచేసుకోవడం. కంచెల్లేని నేలలో అందరి పశువులూ కలిసిపోతాయి కాబట్టి పడనివాళ్లు కూడా వారాల తరబడి కలిసి తిరగాల్సిందే. దూడ ఏ తల్లి వెనక నడిస్తే ఆ తల్లి బ్రాండే దానికీ. తల్లిలేని, వాతలేని దూడ దొరికితే 1884 నుంచి వయోమింగ్ చట్టం ప్రకారం అది పెద్ద రాంచర్ల సంఘానిది. అలాంటి దూడ ఒకటి వాళ్ల ముందు నిలబడితే, అతను ఆ సంఘం సభ్యుడైతే, ఏం చేస్తాడు?

భాష గురించి ఒక్క మాట. రాంచ్‌ను పశుక్షేత్రం చెయ్యకు, రాంచ్ అనే రాయి. ఇంగ్లీషులో రాసేవాళ్లకు లేని సాధనం ఒకటి మనకుంది: మీరు, నువ్వు. నీ ఇద్దరూ రెండో పేజీలో "మీరు", మూడో పేజీలో "నువ్వు", మళ్లీ "మీరు". అలా పారేసుకోకు. చాలాకాలం "మీరు" అననివ్వు, తిట్టుకునేటప్పుడు కూడా. ఎవరు ముందు "నువ్వు" అంటారో, ఎక్కడ అంటారో నువ్వే నిర్ణయించు. ఆ కంచె తెగిన రాత్రి అయితే నాకు ఇష్టం.

అన్నీ ఒకేసారి తిరగరాయకు. ముందు ఒక కాగితం మీద ఆమె క్లెయిమ్ వేసిన తేదీ, పట్టా రావాల్సిన తేదీ, పెళ్లి తేదీ వరసగా రాసి నాకు పంపు. మూడో అధ్యాయం దాని తర్వాత చూద్దాం.

ఉంటాను,
అక్క