లేహ్‌కి అత్తమామలు వస్తుంటే

మీవారి పోస్టింగ్ లేహ్‌లో, అత్తమామలు ఢిల్లీ నుంచి విమానంలో వస్తున్నారు, మర్నాడే ఖర్‌దుంగ్ లా కనుమ చూపిద్దామా అని అడిగారు. దయచేసి వద్దండీ. లేహ్ ఎత్తే సుమారు 3,500 మీటర్లు, ఆ కనుమ 5,300 దాటుతుంది. దిగాక 48 గంటలు ఇంట్లోనే ఉంచండి. మెట్లు నెమ్మదిగా ఎక్కాలి, మద్యం, నిద్రమాత్రలు ముట్టకూడదు.

ఎత్తు పడక వచ్చే జబ్బు రాకుండా వాడే డయమాక్స్ మాత్ర మామూలుగా 125 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ప్రయాణానికి ముందు రోజు నుంచి ఇస్తారు. మామగారికి బీపీ ఉందన్నారు కాబట్టి డాక్టర్ని అడక్కుండా వేయొద్దు. సల్ఫా మందులు పడకపోతే ఆ మాటా చెప్పండి. కాస్త తలనొప్పి మామూలే. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, తూలుతూ నడవడం కనిపిస్తే మాత్రం తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించండి.

బయటి ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, బయల్దేరకముందే పోస్ట్‌పెయిడ్‌కి మార్పించండి.

పప్పు ఉడకడం లేదన్నారు కదా, అక్కడ నీళ్లు దాదాపు 88 డిగ్రీలకే మరుగుతాయి. కందిపప్పు గంట నానబెట్టి కుక్కర్లోనే, ఇంటి దగ్గరకంటే రెండు మూడు విజిల్స్ ఎక్కువ రానివ్వండి. బుఖారీ (గది వెచ్చబరిచే పొయ్యి) వెలిగించిన గదిలో కిటికీ కొంచెం తెరిచే ఉంచి, పడుకునే ముందు ఆర్పేయండి.