పాత మిద్దె కొనే ముందు ఇంజనీరుకు పాతిక వేలు దండగేనా?

ప్రశ్న: నేను కర్నూలులో ప్రభుత్వ టీచర్ని. వయసు 45. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం. ఇద్దరికీ కలిపి నెలకు లక్షా పది వేలు చేతికొస్తుంది. పాతబస్తీలో నాలుగు సెంట్లలో సుమారు తొంభై ఏళ్ల నాటి రాతి మిద్దె అమ్మకానికి వచ్చింది. టేకు స్తంభాలు, పెద్ద పడసాల, మిద్దెలో గవాచి (వెలుతురు కోసం పైకప్పులో వదిలిన సందు), కింద కడప బండలు. మా అవ్వ వాళ్ల ఇల్లు అచ్చం ఇలాగే ఉండేది. 46 లక్షలు చెబుతున్నారు. మా దగ్గర ఎఫ్‌డీల్లో 19 లక్షలు ఉన్నాయి, అమ్మాయి చదువుకని ఇంకో 5 లక్షలు వేరేగా పెట్టాం. ధరలో 80 శాతం లోను వస్తుందని, రిజిస్ట్రేషన్ పోను మిగిలిన ఆరు లక్షలతో చిన్నచిన్న రిపేర్లు చేయించుకోవచ్చని మా లెక్క. ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు ఇల్లంతా చూసి రిపోర్టు ఇవ్వడానికి 25 వేలు అడిగాడు. బ్యాంకు ఇంజనీరు ఎలాగూ వస్తాడు కదా, ఇది దండగ అని మా ఆయన అంటున్నారు. బ్రోకరు తీసుకొచ్చిన మేస్త్రీ అయితే ‘నూరేండ్లైనా కదలదు మేడమ్’ అన్నాడు. పదిహేను రోజుల్లో 5 లక్షలు అడ్వాన్సు కట్టాలి, లేకపోతే ఇంకో పార్టీ రెడీగా ఉందంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఇంజనీరుకు ఆ పాతిక వేలు ఇవ్వండి. అదీ అడ్వాన్సు కట్టక ముందే. 46 లక్షల మీద అది అర శాతం కొంచెం పైమాట. పైగా మీ ఉత్తరంలో నన్ను కంగారు పెట్టింది ఆ పాతిక వేలు కాదు, ఆరు లక్షలు మిగులుతాయన్న లెక్క.

ముందు బ్యాంకు ఇంజనీరు సంగతి. ఆయన వచ్చేది బ్యాంకు కోసం. మీరు రేపు ఈఎంఐ కట్టకపోతే ఈ ఆస్తి అమ్మితే ఎంత వస్తుంది, అప్పు తీరేదాకా కట్టడం నిలబడుతుందా, ఇదే ఆయన చూసుకునేది. స్థలం కొలుస్తాడు, ఫోటోలు తీస్తాడు, పక్క వీధిలో రేటెంతో కనుక్కుంటాడు, వెళ్లిపోతాడు. దూలం చివర గోడలోపల పుచ్చిపోయిందా అన్నది ఆయన పనిలో లేదు. ఉన్నా ఆ రిపోర్టు మీ చేతికి రావడం అరుదు. మీవారికి ఈ తేడా చెప్పండి. ‘బ్యాంకు లోను ఇచ్చిందంటే ఇల్లు బాగున్నట్టే’ అని చాలామంది ధీమాగా ఉంటారు. బ్యాంకు చూసుకునేది తన అప్పు భద్రంగా ఉందా అన్నంత వరకే.

ఇంకో చిక్కు ఉంది. బ్యాంకు లోను ఇచ్చేది అమ్మేవాళ్లు చెప్పిన ధర మీద కాదు, తమ ఇంజనీరు కట్టిన విలువ మీద. తొంభై ఏళ్ల మట్టి మిద్దెకు, రాతిగోడలకు అతను పెద్దగా విలువ వేయడు. దాదాపు స్థలం విలువే మిగులుతుంది. ఉదాహరణకు 36 లక్షలే కట్టాడనుకోండి. దానిలో 80 శాతం 28 లక్షల 80 వేలు. మీరు అనుకుంటున్నది 36 లక్షల 80 వేలు. అంటే 8 లక్షలు తక్కువ. ధరలో మిగతా 17 లక్షల 20 వేలు మీరే పెట్టాలి. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 46 లక్షల మీద 3 లక్షల 45 వేలు. రెండూ కలిపితే 20 లక్షల 65 వేలు. మీ దగ్గర ఉన్నది 19. ఒక్క రాయి కదపక ముందే లోటు మొదలైంది. అప్పుడు చెయ్యి వెళ్లేది అమ్మాయి చదువు డబ్బు మీదకే. దాన్ని మాత్రం ముట్టుకోవద్దు.

ఇక ఇంజనీరు ఏం చూస్తాడు, దానికి ఖర్చు లెక్కతో సంబంధమేంటి? మన వైపు పాత మిద్దెలకు ఖర్చంతా పైకప్పులోనే దాగి ఉంటుంది. దూలాలు, వాటి మీద దంతెలు (అడ్డంగా పరిచే సన్నవాసాలు), పైన బండలో కట్టెలో పరిచి, ఆపైన మట్టి. కురవకుండా వానాకాలం ముందు చౌడు (ఉప్పుమన్ను) వేయడం అలవాటు. పాతది తీయకుండా కొత్తది వేస్తూ పోతే మందం పెరుగుతూనే ఉంటుంది. పది అడుగులకు పన్నెండు అడుగుల గది మీద అర అడుగు మట్టి అదనంగా పేరితే రెండున్నర టన్నుల పైనే బరువు, అదీ మట్టి పొడిగా ఉన్నప్పుడు. చాలా ఇళ్లలో దాని మీద మళ్లీ సిమెంటు కాంక్రీటు పోసి, ఒక మూల వెయ్యి లీటర్ల ట్యాంకు కూడా పెట్టేస్తారు. నీళ్లతో ఆ ట్యాంకు ఒక టన్ను. ఇంత బరువు మోసే దూలం మధ్యలో గట్టిగానే కనిపిస్తుంది. చివరలు గోడలో పూడుకుని ఉంటాయి, చెమ్మ అక్కడే పడుతుంది, చెదలూ అక్కడే పడతాయి. రంగు వేసిన దూలాన్ని కిందనుంచి చూసి నూరేండ్లు హామీ ఇచ్చే మేస్త్రీకి ఆ చివరలు కనబడవు. దూలాన్ని సుత్తితో కొట్టి శబ్దం వినాలి, స్క్రూడ్రైవర్ గుచ్చి చూడాలి, అవసరమైతే ఒకటి రెండు చోట్ల గోడ కొంచెం తవ్వి చూడాలి. దీనికి ఇంటివాళ్ల అనుమతి కావాలి. ఆ అనుమతి ఇవ్వడానికి వాళ్లు ఎంత వెనకాడతారో చూస్తే కూడా మీకు కొంత అర్థమవుతుంది.

గోడల సంగతి వేరు. ఆ కాలపు రాతిగోడ ఒకే గోడలా కనిపించినా లోపలొక వరస, బయటొక వరస, మధ్యలో మట్టీ చిన్న రాళ్లూ నింపి ఉంటాయి. రెండు వరసల్నీ కలిపి పట్టే పొడుగు రాళ్లు సరిపడా లేకపోతే ఏళ్లు గడిచేకొద్దీ ఒక వరస బయటికి ఉబ్బుతుంది. తూకపు గుండు దారానికి కట్టి వేలాడదీసి చూస్తే ఎంత ఉబ్బిందో తెలుస్తుంది. మీ ఇల్లు పాతబస్తీలో కాబట్టి వరద మాట తప్పకుండా అడగాలి. 2009 అక్టోబరు తొలి వారంలో తుంగభద్ర, హంద్రీ నీళ్లు ఊళ్లోకి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఎంత ఎత్తున నిలిచాయి, ఎన్నాళ్లు నిలిచాయి? అమ్మేవాళ్లని కాదు, ఎదురింటి పెద్దవాళ్లని అడగండి. వాళ్లకు గోడ మీద గుర్తుతో సహా జ్ఞాపకం ఉంటుంది. మట్టితో కట్టిన రాతిగోడ రోజుల తరబడి నీళ్లలో నానితే అడుగున మట్టి మెత్తబడి, కొంత కొట్టుకుపోయి, రాళ్లు ఒట్టిగా మిగిలిపోతాయి. తర్వాత దాని మీద సిమెంటు పూత పూసినా, నాలుగడుగుల ఎత్తు టైల్స్ అంటించినా అందంగానే ఉంటుంది. పాత ఇంట్లో పడసాల గోడలకు కొత్త టైల్స్ కనిపిస్తే నాకు ముందు అనుమానమే వస్తుంది. సున్నం పూత చెమ్మను బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది. సిమెంటు గీకి మళ్లీ సున్నం పూయించాలంటే ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు తక్కువ, కూలీ ఎక్కువ.

పగుళ్లకు ఇంజనీర్లు వాడే పాత చిట్కా ఒకటుంది. పగులు మీద అడ్డంగా గాజు ముక్క అతికించి తారీఖు రాసి వదిలేస్తారు. గాజు విరిగితే గోడ ఇంకా కదులుతోందని అర్థం. కింద నల్లరేగడి అయితే ఎండాకాలం నేల బిగిసి వానాకాలం ఉబ్బుతుంది కాబట్టి ఈ పరీక్షకు నెలలు పడుతుంది. పదిహేను రోజుల గడువులో కుదరదు. నేను గడువుకు తలొగ్గవద్దనడానికి ఇదీ ఒక కారణం.

పక్కింటితో ఉమ్మడి గోడ ఉందేమో కూడా చూడమనండి. రేపు వాళ్లు తమ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టుకుంటే మీ దూలాలు ఆనుకున్న గోడకు దన్ను పోతుంది. గోడ ఎవరిదో దస్తావేజుల్లో ఉండాలి. వీధి సిమెంటు రోడ్డు మీద రోడ్డు పోసి గడప కంటే ఎత్తయిపోయి ఉంటే వాననీళ్లు పడసాలలోకే వస్తాయి, అది రిపేరుతో తీరేది కాదు. వైరింగు మొత్తం కొత్తది వేయించాల్సిందే అనుకోండి, దాని గురించి చర్చ కూడా అక్కర్లేదు.

ఇంజనీరుని ఎంచుకునేటప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: మట్టి మిద్దెలు, సున్నపు కట్టడాలు ఇంతకుముందు చూశారా? కాంక్రీటు గట్టిదనం కొలిచే రీబౌండ్ హ్యామర్ తెచ్చి రాతిగోడ మీద కొడతానంటే ఆయన్ని మర్యాదగా పంపించేయండి, ఆ పరికరం కాంక్రీటు కోసం. ఇంజనీరింగ్ కాలేజీల్లో స్ట్రక్చర్స్ చెప్పే అధ్యాపకుల్ని కూడా విచారించండి. సున్నం పని చేసిన ముసలి మేస్త్రీ ఒకరు వెంట ఉంటే ఇంకా మంచిది, బ్రోకరు తెచ్చినతను మాత్రం వద్దు. రిపోర్టు ‘బాగుంది’, ‘పర్వాలేదు’ అని వస్తే మీకు పనికిరాదు. ఇప్పుడే చేయాల్సింది, మూడేళ్లలో చేయాల్సింది, తర్వాత చూసుకోవచ్చన్నది విడివిడిగా, ఒక్కోదానికి రూపాయల్లో అంచనాతో, ఫోటోలతో ఉండాలి. ఏ భాగాలు చూడటం కుదరలేదో కూడా రాసి ఇమ్మనండి. నా అనుభవంలో ఆ చివరి పేరాయే బేరానికి ఎక్కువ పనికొస్తుంది.

ఎందుకంటే ఆ అంచనా లేకుండా మీకు ఈ ఇంటి ధరే తెలియదు. నేనైతే ఇలా లెక్క కడతాను. 19 లక్షల్లో 3 లక్షలు అత్యవసరానికి పక్కన పెట్టండి. రిజిస్ట్రేషన్‌కు ఇంకో 3 అనుకోండి. మిగిలిన 13కు లోను 28 లక్షల 80 వేలు కలిపితే 41 లక్షల 80 వేలు. ఇంటి ధర, రిపేర్లు రెండూ ఇందులోనే ఇమడాలి. ఇంజనీరు 5 లక్షల పని చెప్తే మీరు ఇవ్వగలిగింది 36 లక్షల 80 వేలు. 9 లక్షలు చెప్తే 32 లక్షల 80 వేలు. బ్యాంకు ఉదారంగా 42 లక్షల విలువ కట్టి 33 లక్షల 60 వేలు ఇచ్చినా, 5 లక్షల రిపేరుతో మీ పరిమితి 41 లక్షల 60 వేల దగ్గర ఆగిపోతుంది. 46 అన్న అంకె ఎటు తిప్పినా కుదరడం లేదు. ఎనిమిదిన్నర శాతం వడ్డీతో పదిహేనేళ్లకు 28 లక్షల 80 వేల మీద ఈఎంఐ సుమారు 28,400 అవుతుంది, మీ జీతాలకు అది బరువు కాదు. మీకు ఇబ్బంది నెలవారీ కిస్తుతో కాదు, మొదట చేతినుంచి పెట్టాల్సిన డబ్బుతో.

‘ఇల్లు పోయినా స్థలం ఉంటుంది కదా’ అని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మామూలుగా అది నిజమే. కానీ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం కుదరదు. ఉన్నదాన్ని బాగు చేసుకోవడానికీ అనుమతి కావాలి. ఆ తర్వాత 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం, అక్కడ అనుమతి తీసుకునే కట్టాలి. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల కొనేవాళ్లు ఇది చూసుకుని తీరాలి. పడగొట్టి కట్టుకోలేని స్థలానికి ఖాళీ స్థలం రేటు ఇవ్వడమంటే నష్టమే. అక్కడ మీకు దిక్కు ఆ పాత గోడలే కాబట్టి, వాటి పరిస్థితి ఇంకా ముఖ్యం. స్థలం వక్ఫ్‌దో దేవాదాయ శాఖదో అయి నిషేధిత జాబితాలో ఉందేమో సబ్‌రిజిస్ట్రారు కార్యాలయంలో అడగండి. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు) లాయరు చూస్తారు, ఆ పని విడిగా చేయించండి.

అమ్మేవాళ్ల మీద చట్టం లేదా అంటే, ఉంది. తమకు తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని లోపాన్ని దాచకూడదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం చెబుతుంది. కానీ వాళ్లకు తెలుసని మీరు కోర్టులో నిరూపించాలి. అదెన్నేళ్లు పడుతుందో మీకు చెప్పక్కర్లేదు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టంలోని ఐదేళ్ల హామీ కొత్త ప్రాజెక్టులు కట్టిన బిల్డర్లకే, మీకు వర్తించదు. అందుకే అగ్రిమెంటులోనే రాయించుకోండి: అడ్వాన్సు 5 లక్షలు కాదు 50 వేలు, గడువు రెండు నెలలు, రిపోర్టులో రిపేరు ఖర్చు ఇంత దాటినా, బ్యాంకు విలువ ఇంతకు తగ్గినా అడ్వాన్సు పూర్తిగా వాపసు. దీనికి ఒప్పుకోకపోతే ఇంకో పార్టీకే అమ్ముకోనివ్వండి.

రిపేర్లకు పర్సనల్ లోను తీసుకోవద్దు, వడ్డీ చాలా ఎక్కువ. ఇంటి రిపేరుకు హోమ్‌లోను వడ్డీకి దగ్గరగా ఇచ్చే లోన్లున్నాయి. దానికి ఇంజనీరు అంచనా అడుగుతారు, మీ రిపోర్టు అక్కడా ఉపయోగపడుతుంది. మీరు పాత పన్ను విధానంలో ఉంటే ఆ రిపేరు లోను వడ్డీకి ఏడాదికి 30 వేల దాకా మినహాయింపు ఉంది, అది కూడా 2 లక్షల మొత్తం పరిమితిలోనే. కొత్త విధానంలో సొంతంగా ఉండే ఇంటికి ఆ ప్రయోజనం లేదు. ఇల్లు కొంటే భారత్ గృహ రక్ష అనే ఇంటి బీమా పాలసీ తీసుకోండి, వరద నష్టం అందులో వస్తుంది. కాలం గడిచి పాడైనవి రావు. గోడలు, మిద్దె దేనితో కట్టారో దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయండి, లేకపోతే క్లెయిమ్ దగ్గర గొడవ.

అవ్వగారి ఇల్లు గుర్తొచ్చి మనసు పడటంలో తప్పు లేదు, పడసాలలో గవాచి వెలుతురుకు నేనూ మెత్తబడే మనిషినే. రిపోర్టు, బ్యాంకు విలువ రెండూ చేతికి వచ్చాక ఆ అంకెలతో మళ్లీ రాయండి. మీ రిటైర్మెంటుకు ఇంకా పదిహేడేళ్లుంది కాబట్టి లోను పదిహేనేళ్లకు పెట్టాలా, తగ్గించాలా అన్నది అప్పుడు చూద్దాం.