సంక్రాంతికి పులస ఎక్కడిదే అమ్ములూ

అమలాపురం

చి. అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా.

మీ అమ్మ నిన్న రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే నాకు గుండె దడ. "అక్కా, ఇది ఉద్యోగం మానేసి పిల్లల పుస్తకాలు రాసుకుంటుందంట, నువ్వైనా చెప్పు" అని ఏడుపు గొంతు పెట్టింది. ఫోన్ పెట్టేసి చాలాసేపు మంచం మీదే కూర్చున్నాను. భయం వేసిన మాట నిజం. మీ పెదనాన్న ఫోటో వైపు చూసి నవ్వుకున్న మాటా నిజమే. నా తర్వాత మనింట్లో ఈ పిచ్చి ఎవరికీ పట్టదని ఆయన ధీమాగా ఉండేవారు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన కథ చదివాను. రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మూడోసారి చదివాను. బాగుంది. ఆ పిల్ల అమ్మమ్మ కొంగు పట్టుకుని వంటింటంతా తిరిగే చోట నాకు మా అమ్మ గుర్తొచ్చింది. అంతా బాగుండగా, సంక్రాంతికి ఆ అమ్మమ్మ చేత పులస పులుసు పెట్టించావేమిటే? జనవరిలో పులస ఎక్కడ దొరికింది నీకు? వరదలొచ్చి గోదావరి ఎర్రబడ్డాక సముద్రంలోంచి ఏటికి ఎదురీదుకుంటూ వచ్చే చేప పులస. జూలై నుంచి సెప్టెంబరు దాకా, అంతే దాని సీజను. గోదావరి ఒడ్డున పుట్టిన అమ్మకి కూతురివి, హైదరాబాద్‌లో పదేళ్లు ఉంటే ఇలా అయిపోవాలా? పండగ కావాలంటే కనుమ నాటి జగ్గన్నతోట తీర్థం రాయి. వెదురుతో కట్టి, అలంకరించి, దేవుణ్ణి పెట్టిన అంతంత ప్రభల్ని భుజాల మీద ఎత్తుకుని చేలకి అడ్డంపడి వస్తారు, కౌశిక ఏట్లో దిగి దాటిస్తారు. మీ తాతయ్య భుజం మీద కూర్చుని చూశావు, నీకప్పుడు నాలుగేళ్లు.

చిన్న విషయానికి పెద్దమ్మ ఇంత రాద్ధాంతం చేస్తుందేమిటి అనుకుంటావు. ఎందుకో చెప్తాను. ముందు మీ అమ్మ చెప్పమన్నవి చెప్పేసి ఆ బరువు దింపుకోనీ.

ఉద్యోగం మానకు. నలభై ఏళ్లు రాశాను. కథలకి నాకొచ్చిన డబ్బంతా ఒకచోట పోస్తే మన తోటలో ఒక్క దింపుకి వచ్చే కొబ్బరికాయల డబ్బు అవదు. బడి జీతం ఉండబట్టి రాయగలిగాను. రాయడం తిండి పెట్టదు కాబట్టి, దాన్ని తిండి పెట్టమని పీడించకు.

సంతకం పెట్టేముందు కాగితం చదువు. నా 12 కథలకి ఒకాయన ఒకేసారి 600 రూపాయలు చేతిలో పెట్టి, రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేయించుకున్నాడు. ఆ పుస్తకం ఎన్నిసార్లు అచ్చయిందో ఈ రోజుకీ నాకు తెలియదు. రాజమండ్రి బస్టాండులో కొత్త అట్టతో కనిపిస్తే నేనే డబ్బిచ్చి కొనుక్కున్నాను. ఇప్పుడున్న చట్టం ప్రకారం, హక్కులు రాసిచ్చే కాగితంలో గడువు వేయకపోతే ఐదేళ్లకని లెక్క, ప్రాంతం వేయకపోతే మన దేశం వరకేనని లెక్క. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. అంటే నీ మనవల సొత్తు అది. కంగారులో ఎవరికీ రాసిచ్చెయ్యకు.

బొమ్మలు వేసేవాళ్లకి కథ ఇచ్చి ఊరుకోకు, ఊరు కూడా చూపించు. మద్రాసులో కూర్చుని ఒకాయన నా కథకి బొమ్మ వేస్తూ కొబ్బరి తోట వెనకాల కొండ పెట్టాడు. కోనసీమలో కొండ! మా బడి పిల్లలు నెల రోజులు నవ్వారు. పేజీల లెక్క కూడా ముందే చూసుకో. అచ్చు లెక్కలో మామూలుగా ఫారం అంటే 16 పేజీలు, కాబట్టి 16 లోనో 32 లోనో సర్దుకోవాలి. 19 పేజీల కథ రాసి కూర్చుంటే మిగిలిన 13 పేజీల్లో ముగ్గులు వేసుకోవాలి. అవార్డుల సంగతంటావా, కేంద్ర సాహిత్య అకాడమీ 2010 నుంచి బాలసాహిత్యానికి వేరే పురస్కారం ఇస్తోంది, 50 వేలు. వస్తే తీసుకో. రాసేటప్పుడు మాత్రం మర్చిపో.

రాసింది రాసినట్టు రెండు మూడు చోట్ల దాచు. 1996 నవంబరు తుపానుకి మా పెంకులు లేచిపోయి, బీరువా మీద పెట్టిన ఆరు నోటు పుస్తకాలు నానిపోయాయి. ఇంటి చుట్టూ కొబ్బరిచెట్లు పడిపోయి ఉంటే, మీ పెదనాన్న వాటిని చూడటం మానేసి నా కాగితాలు ఒక్కొక్కటీ విడదీసి తీగ మీద ఆరేశారు. సిరా కరిగి అన్నీ నీలం మరకలే. మీకిప్పుడు గూగుల్ డ్రైవ్ ఉంది, అదృష్టవంతులు.

ఇక నాకు నచ్చిన సంగతి. నువ్వు ఆరేళ్ల పిల్లల కోసం రాశానన్నావు. మొదటి పేజీలోనే "జ్యోత్స్న" అని పేరు పెట్టావు. ఒకటో తరగతి పిల్ల చదువుతుంటే ఎప్పుడైనా చూశావా? వేలు పెట్టి చదువుతుంది. ఒక్కో అక్షరం మీదా వేలు ఆగుతుంది, పెదాలు కదులుతాయి, తర్వాతే వేలు జరుగుతుంది. "పలక" దగ్గర వేలు పరుగెడుతుంది. "అమ్మ" ఒత్తు తెలుసు కాబట్టి దాటేస్తుంది. "జ్యోత్స్న" దగ్గర ఆగిపోయి నీ మొహంలోకి చూస్తుంది. అలా రెండుసార్లు చూసిందంటే మూడోసారి పుస్తకం మూసేస్తుంది. నేను రాసిన ప్రతి కథా ముందు ఒక పిల్ల చేత చదివించి, ఆ వేలు ఆగిన చోటల్లా పెన్సిల్‌తో చుక్క పెట్టేదాన్ని. చుక్క పడిన మాట తీసేసేదాన్ని. నీ కథ కూడా ఎవరైనా పిల్ల చేత చదివించు. నువ్వు చదివి వినిపించకు, నీ గొంతు బాగుంటుంది కాబట్టి కథ ఎలా ఉన్నా బాగుందంటారు.

ఇప్పుడు పులస మీద ఇంత రాద్ధాంతం ఎందుకో చెప్తాను. అది ఒక తెప్ప సంగతి. మీ అమ్మకి కూడా సగమే తెలుసు.

1978లో నాకు 32 ఏళ్లు. గౌతమి పాయ పక్కన, ఏటిగట్టుకి ఇవతల ఉన్న ఊళ్లో ఉద్యోగం. నేను పుట్టిన మరుసటేడు, 1947 జూలైలో చందమామ మొదలైంది. అది చదువుతూ పెరిగినదాన్ని, నాకూ కథలు రాయాలని ఉండేది. పిల్లల పత్రిక ఒకదానికి "తెప్ప మీద బుల్లెయ్య" అని కథ పంపితే వేసుకున్నారు. బుల్లెయ్య అనే కుర్రాడు కాలవ అవతల తీర్థానికి వెళ్లాలి. పడవకి డబ్బుల్లేవు. గెల కోసేసిన అరటి బోదెలు నాలుగు తెచ్చి, పక్కపక్కన పేర్చి, "అరటి నారతో గట్టిగా బిగించి కట్టి", తెప్ప చేసుకుని దాటేస్తాడు. పత్రిక రాగానే మూడో తరగతికి చదివి వినిపించాను. గర్వం కాదా మరి, అచ్చులో పేరు! పిల్లలు మళ్లీ చదవమన్నారు. ఒకడు మాత్రం మళ్లీ చదవమనలేదు, ఎన్ని బోదెలు అని అడిగాడు. నాలుగు అని చెప్పాను.

వాడి పేరు రాయను. ఇప్పుడు మనవరాలున్న మనిషి.

అది శ్రావణమాసం. కాలవలు నిండుగా ఉన్నాయి. శుక్రవారం బడి వదిలాక వాడు, ఇంకో ఇద్దరు కలిసి తోటలోంచి బోదెలు ఈడ్చుకొచ్చారు. నార చీల్చి కట్టారు. నేను రాసినట్టే, గట్టిగా బిగించి కట్టారు. బోదె పైపొర ఎంత జారుగా ఉంటుందో నువ్వు పట్టుకుని చూస్తే తెలుస్తుంది. నీళ్లలో పడగానే నార సబ్బు రాసినట్టు జారింది. సగం దూరం వెళ్లేసరికి బోదెలు తలో దిక్కుకీ పోయాయి. ఇద్దరు ఈదుకుంటూ వచ్చేశారు. వాడికి ఈత సరిగా రాదు. తూము దాకా కొట్టుకుపోతే, గట్టు మీద వస్తున్న కాలవ కాపలా లస్కరు దూకి జుట్టు పట్టుకుని లాగాడు.

నాకు సాయంత్రం కబురు తెలిసింది. వాళ్లింటికి పరుగెత్తాను. వాడు దుప్పట్లో వణుకుతున్నాడు. వాళ్ల నాన్న అరుస్తాడేమో, అరిస్తే బాగుండు అనుకున్నాను. ఆయన అరుగు మీంచి లేచి నాకు చోటిచ్చి, "తమరు రాసిందంటగదండి. చదువుకున్నోళ్లు రాశారు గదా అని నిజమనుకున్నాడండి" అన్నాడు. ఆ "అండి" ఉంది చూశావూ, అది ఇప్పటికీ రాత్రిళ్లు వినపడుతుంది.

తెప్ప గురించి నాకేం తెలుసని రాశాను? ఆడపిల్లనని నన్ను చిన్నప్పుడు కాలవ రేవు దిగనిచ్చేవారు కాదు. మగపిల్లలు తెప్పలు వేసుకుని ఆడుకుంటుంటే మా అరుగు మీంచి చూసేదాన్ని. అంత దూరం నుంచి బోదెలు కనిపిస్తాయి కానీ వాటిని కలిపి పట్టుకునేది కనపడదు. పూలు కట్టడానికి నార వాడతాం కదా, తెప్పా దాంతోనే కడతారు కాబోలు అనుకుని రాసేశాను. ఎవరినైనా ఒక్క మాట అడిగితే సరిపోయేది. మా పాలేరు రోజూ కళ్ల ముందే తిరిగేవాడు.

తర్వాత రెండేళ్లు కలం ముట్టుకోలేదు. మళ్లీ మొదలుపెట్టాక భయంతో రాశాను. ఏ కథలోనూ పిల్లలు గడప దాటరు. చివర "కాబట్టి పిల్లలూ, పెద్దల మాట వినాలి" అని తప్పకుండా ఉంటుంది. మా బడిలో ఒక పిల్ల నా కథ పైకి చదువుతూ "కాబట్టి" రాగానే ఆగిపోయి పుస్తకం మూసేసేది. మిగతాది చదవవే అంటే, "అయిపోయిందండి, అక్కడ్నించి మీరు మాట్లాడతారంతే" అంది. ఆ ఏళ్లలో రాసినవన్నీ పనికిరానివే. ఎవరైనా పొగిడితే సిగ్గేస్తుంది.

1986 ఆగస్టులో వరదొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. మా ఊరి దగ్గర గట్టు తెగి అరుగుల మీదికి నీళ్లొచ్చాయి. మీ అమ్మ, నేను, మా అత్తగారు అటక మీద కూర్చున్నాం. రెండో రోజు వీధిలోకి ఒక తెప్ప వచ్చింది, దాని మీద గడకర్రతో వాడు. పదిహేడేళ్లవాడు, మీసం వస్తోంది. మా అత్తగారిని చంటిపిల్లలా ఎత్తి తెప్ప మీద కూర్చోబెట్టాడు. నేను దిగనన్నాను. కాళ్లు వణికిపోయాయి. అప్పుడు వాడు తెప్ప పక్కకి నా చెయ్యి పట్టుకెళ్లి తడిమించాడు. ఈ చివరి బోదెలోంచి ఆ చివరి బోదె దాకా వెదురు బద్ద గుచ్చి ఉంది. ముందొకటి, వెనకొకటి, మధ్యలో ఒకటి.

"నార కాదండి టీచరమ్మ గారూ. బద్దలు గుచ్చాలండి. కథలో అది మార్చండి" అన్నాడు. ఎనిమిదేళ్లు గుర్తు పెట్టుకున్నాడు. కోపంగా కాదే, అక్షరదోషం చూపించినట్టు చెప్పాడు.

వాడు ఆ కథని అసహ్యించుకున్నాడనుకున్నాను అన్నాళ్లూ. వాడికి కావలసింది కథ లేకపోవడం కాదు, బద్దలు ఉండటం. ఆ శీతాకాలం కథ మళ్లీ రాశాను. బద్దలు గుచ్చడం రాశాను, ఈత రానివాడు తెప్ప ఎక్కడు అని బుల్లెయ్య చేతే అనిపించాను, గట్టు మీద ఒక తాతని కూర్చోబెట్టాను. "కాబట్టి పిల్లలూ" రాయలేదు. పత్రికకి పంపితే పాత కథే కదా అని తిప్పి పంపారు. అచ్చవలేదు. తుపానుకి నానిన నోటు పుస్తకాల్లో అదీ ఉంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు పారినప్పటి నుంచీ ఈ డెల్టాలో ప్రతి పిల్లవాడి గుమ్మానికీ నాలుగడుగుల్లో నీళ్లే. అందుకే నీ రెండో కథలో ఆ పిల్ల ఒంటరిగా కోటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కిందని చదివితే నాకు ఊపిరాడలేదు. ఎక్కనీ. ఎక్కొద్దని నేను అనను. కానీ పంటుకి చుట్టూ కమ్మీ ఉంటుందా, తాడు ఎవరు కడతారు, బల్ల ఎప్పుడు వేస్తారు, అది చూసి రాయి. వీడియోలో కాదు, వచ్చి చూడు.

జూలైలో రా. ఎర్రనీరు వచ్చాక యానాం తీసుకెళ్తాను, చేపల వేలంపాటలో పులస ధర వింటే నీ ఐటీ జీతం మీద నీకే జాలేస్తుంది. చేతితో పట్టుకుని చూడు, పొలుసు ఎలా ఉంటుందో, వాసన ఎలా ఉంటుందో. ఆ తర్వాత కోటిపల్లి వెళ్దాం. పంటు ఎక్కుదువు గాని, నేను గట్టు మీద కూర్చుంటాను. రేవులో చివరి మెట్టు దిగావంటే మాత్రం అందరి ముందూ అరుస్తాను, ముప్ఫై ఏళ్లదానివని చూడను.

ఇట్లు
మీ పెద్దమ్మ

తా.క. ఇంకో ఏడాది దాకా ఉద్యోగం మానదులే అని మీ అమ్మకి నీ తరఫున మాటిచ్చేశాను. నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు.