సంఘ సంవత్సరం ముగిసే వారంలో ఏడాదిని ఎలా తలచుకోవాలి?

చర్చి క్యాలెండర్‌లో కొత్త సంవత్సరం జనవరి 1న కాదు, ఆగమన కాలపు (అడ్వెంట్, క్రిస్మస్‌కు ముందు ఎదురుచూపు వారాలు) మొదటి ఆదివారంతో మొదలవుతుంది. అది నవంబర్ 27, డిసెంబర్ 3 మధ్య వస్తుంది. దానికి ముందు ఆదివారం క్రీస్తు రాజు పండుగ. 1925లో పోప్ 11వ పయస్ దీన్ని అక్టోబర్ చివరి ఆదివారానికి నియమించారు. 1969లో కేథలిక్ చర్చి క్యాలెండర్ సవరణతో సంఘ సంవత్సరం చివరికి మారింది. ఏడాదంతా ఎవరి చేతుల్లో ఉందో చెప్పి ముగించడం ఎంతో సబబు.

ఆ పండుగ నుంచి శనివారం వరకు రోజుకు 15 నిమిషాలు కేటాయించండి. నెలలవారీగా కాక కాలాలవారీగా చూడండి: ఆగమనం, క్రిస్మస్, శ్రమల కాలం (ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాలు), ఈస్టర్, పెంతెకొస్తు (పరిశుద్ధాత్మ దిగివచ్చిన పండుగ) తర్వాతి దీర్ఘ కాలం. ఒక్కోదానికి రెండు మూడు కృతజ్ఞతలు రాయండి. చాలామంది తడబడేది ఇక్కడే. "కుటుంబాన్ని కాపాడావు" అని రాస్తే ఏదీ గుర్తుకు రాదు. మనిషి పేరు, రోజు, జరిగిన మేలు రాయాలి. దుఃఖంలో గడిచిన ఏడాదైతే కృతజ్ఞతను బలవంతంగా తెచ్చుకోవద్దు. బైబిల్ కీర్తనల్లో విలాపమూ ప్రార్థనే.

జవాబు రాని ఒక్క ప్రార్థనను వేరే కాగితం మీద రాసి ఉంచండి. ఆగమన కాలంలో వారానికొకటి వెలిగించే కొవ్వొత్తుల్లో మొదటిది వెలిగించేటప్పుడు దాన్ని చదవండి; చాలా సంఘాల్లో ఆ కొవ్వొత్తి నిరీక్షణకే గుర్తు.