దయ్యం కంటే ముందు ఇల్లు కనబడాలి

సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే నేను పనిచేసే న్యూజెర్సీ లైబ్రరీలో ముందు బల్ల మీద వంటల పుస్తకాలు లోపలికి పోతాయి, భయం పుస్తకాలు బయటికొస్తాయి. అక్టోబరు 31న దయ్యాల వేషాలు కట్టే హాలోవీన్ పండగ కోసం. అట్ట గబ్బిలాలు, ప్లాస్టిక్ గుమ్మడికాయలు సరేసరి. ఈసారి మీ ఉత్తరాలు కూడా ఎక్కువ భాగం ఆ బల్ల గురించే ఉన్నాయి.

*అక్కా, మా అమ్మాయికి పదేళ్లు. క్లాసులో అందరూ దయ్యాల పుస్తకాలు చదువుతున్నారని తనకూ కావాలంటోంది. రాత్రి ఉలిక్కిపడి లేస్తుందని మా ఆవిడ వద్దంటోంది. ఏది ఇవ్వమంటారు?*
*– ఒక తండ్రి, డాలస్*

తమ్ముడూ, మీ ఇద్దరి వాదన తర్వాత తేల్చుకోవచ్చు. ముందు పాపను ఒకటి అడగండి: నీకు దేనికి భయం? చీకటికా, రక్తానికా, అమ్మానాన్నా కనబడకుండా పోతారనా? పదేళ్ల పిల్లల్లో ఈ మూడోది చాలామందికి ఉంటుంది, పైకి చెప్పరు. పుస్తకం ఎంచుకోవాల్సింది దాన్ని బట్టి. అట్ట మీద పుర్రె ఎంత పెద్దదో చూసి కాదు.

బొత్తిగా అలవాటు లేని పిల్లయితే ‘బన్నిక్యులా’తో మొదలుపెట్టండి. 1979లో డెబొరా, జేమ్స్ హో దంపతులు రాశారు. ఒక కుటుంబం డ్రాకులా సినిమాకు వెళ్తే అక్కడ సీట్లో ఓ కుందేలుపిల్ల దొరుకుతుంది. ఇంటికి తెచ్చుకున్నాక, వంటింట్లో టమాటా తెల్లగా పాలిపోయి కనబడుతుంది. రసమంతా ఎవరో పీల్చేశారు! కథ చెప్పేది ఆ ఇంటి కుక్క, అనుమానపడేది పిల్లి. రక్తపిశాచే కానీ శుద్ధ శాకాహారి. మీ ఆవిడకు అభ్యంతరం ఉండదు.

అది రెండు రోజుల్లో నమిలేసి ఇంకోటి కావాలంటే, జాన్ బెలేర్స్ రాసిన ‘ద హౌస్ విత్ ఎ క్లాక్ ఇన్ ఇట్స్ వాల్స్’ (1973). నాకు ఈ వయసు పుస్తకాలన్నిటిలో ఇదే ఇష్టం. 1948లో, మిషిగన్‌లోని ఒక చిన్న ఊళ్లో, లూయిస్ అనే పదేళ్ల కుర్రాడు బాబాయి ఇంటికి వస్తాడు. బాబాయి రాత్రిళ్లు గడియారాలన్నీ ఆపేస్తూ ఇల్లంతా తిరుగుతుంటాడు. ఎందుకంటే గోడల్లో ఎక్కడో ఒక గడియారం టిక్కు టిక్కుమంటోంది, అది ఎక్కడుందో దొరకడం లేదు. ఆ ఇల్లు, ఆ మెట్లు, ఆ పక్కింటావిడ చేసే బిస్కెట్లు అన్నీ కళ్ల ముందుంటాయి కాబట్టి తర్వాత వచ్చే భయం కూడా నమ్మబుద్ధవుతుంది. ఒక్క జాగ్రత్త: ఆ కుర్రాడి అమ్మానాన్న కారు ప్రమాదంలో పోయారు. నేను పైన చెప్పిన మూడో రకం బెంగ మీ పాపకు ఉంటే ఈ ఏడాదికి ఆగండి.

‘గూస్‌బంప్స్’ అనే పిల్లల భయం కథల సిరీస్ సంగతి మీరు అడక్కపోయినా చెబుతా, ఎందుకంటే క్లాసులో తిరుగుతున్నవి అవే అయ్యుంటాయి. 1992 నుంచి వస్తున్నాయి. అధ్యాయం చివర భుజం మీద చెయ్యి పడుతుంది, పేజీ తిప్పితే అది తమ్ముడి చెయ్యి. ఏమీ కాదు, చదవనివ్వండి.

‘స్కేరీ స్టోరీస్ టు టెల్ ఇన్ ద డార్క్’ (1981) మాత్రం మీరు ముందు తిరగేసి అప్పుడివ్వండి. కథలు చిన్నవి, పేజీ, రెండు పేజీలు. భయమంతా స్టీఫెన్ గామెల్ వేసిన బొమ్మల్లో ఉంది. 1990లలో అమెరికా లైబ్రరీల్లో తల్లిదండ్రుల అభ్యంతరాలు అన్నిటికంటే ఎక్కువ వచ్చింది దీని మీదే. మధ్యలో వేరే చిత్రకారుడితో కాస్త మెత్తటి బొమ్మలు వేయించి ఒక ఎడిషన్ తెచ్చారు. మీకు ఏది దొరికిందో బొమ్మలు చూసి నిర్ణయించుకోండి. ఇంకోమాట, ఏదిచ్చినా పడుకునే ముందు వద్దు. బడి నుంచి రాగానే, పాలగ్లాసుతో పాటు.

*అమ్మా, కాకినాడ నుంచి బోస్టన్‌లో మా అబ్బాయి దగ్గరికి వచ్చాను. నవంబరు వస్తే అయిదింటికి ముందే చీకటి పడిపోతుందట, కాలక్షేపం ఎలాగా అని టెన్షన్. రిటైర్డ్ టీచర్ని, ఇంగ్లీషు చదవగలను, లావు పుస్తకాలకు ఓపిక లేదు. చిన్నప్పటి నుంచీ దయ్యాల కథలంటే ప్రాణం.*
*– ఒక నాయనమ్మ*

అమ్మగారూ, మీలాంటి వారు అడిగితే నాకు పండగే. ఈ రకం సాహిత్యంలో మంచివన్నీ చిన్నవే.

డబ్ల్యు.డబ్ల్యు. జాకబ్స్ ‘ద మంకీస్ పా’ (1902) ఒక్క సాయంత్రం పని. ఎండిపోయిన కోతి చెయ్యి, మూడు కోరికలు. ఆ చెయ్యి ఇంగ్లండుకు వచ్చింది మన దేశం నుంచే. ఒక ఫకీరు దానికి మంత్రం వేశాడని దాన్ని తెచ్చిన సైనికుడు చెబుతాడు. మన దగ్గరైతే చెయ్యి పుచ్చుకునే ముందు ఎవరో ఒక పెద్దావిడ ‘ఎందుకొచ్చిన గొడవ నాయనా’ అని ఉండేది. రెండో కోరిక దగ్గర పుస్తకం మూసి కాఫీ తెచ్చుకోకండి, ఏకబిగిన చదవండి.

రెండోది మీకు తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే అందులో నాయకుడు బడిపంతులు. వాషింగ్టన్ ఇర్వింగ్ 1820లో అచ్చు వేసిన ‘ద లెజెండ్ ఆఫ్ స్లీపీ హాలో’. ఇకబాడ్ క్రేన్ అనే పంతులు, వారానికొక శిష్యుడి ఇంట్లో తిని పడుకుంటాడు. దయ్యాల కథలంటే చెవి కోసుకుంటాడు, తీరా ఇంటికి నడవాల్సి వస్తే ప్రతి పొదా దయ్యమే. శరత్కాలాన్ని ఇంత కడుపునిండా రాసినవాళ్లు నాకు తెలియదు: ఆపిల్ చెట్లు, గుమ్మడికాయలు, మొక్కజొన్న చేలు. ఆ పంతులు బాతుల్ని చూసినా వాటి పులుసులోనే ఈదుతున్నట్టు కనబడుతుంది. విందు అయ్యాక, రాత్రి, ఒంటరిగా గుర్రం మీద. తలలేని రౌతు అప్పుడు గానీ రాడు. వాక్యాలు పొడవుగా ఉంటాయి, తొందరపడకండి. కథ జరిగిన ఊరు నిజంగానే ఉంది. న్యూయార్క్ దగ్గర నార్త్ టారీటౌన్‌ను 1996లో స్లీపీ హాలో అని పేరు మార్చుకున్నారు, ఇర్వింగ్ సమాధి అక్కడే. మీ అబ్బాయికి ఒక శనివారం పని పెట్టండి.

ఇవి రెండూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితం. ట్యాబ్‌లో పెడితే అక్షరాలు మీ కంటికి సరిపడా పెంచుకోవచ్చు. మనవలు ఉంటే మీరు కూడా వాళ్లకు ఒకటి బాకీ. మన వైపు దీపావళి సాయంత్రం గోగు కాడలకు గుడ్డ వత్తులు కట్టి ‘దిబ్బు దిబ్బు దీపావళి’ అని నేలకు కొట్టించేవారు కదా, పితృదేవతలకు వెలుగు చూపించడానికని. హాలోవీన్ రాత్రి సంగతి వాళ్లకు తెలుసు, ఇది తెలియదు.

*మేడమ్, హారర్ సినిమాలు పిచ్చిగా చూస్తా. డ్రాకులా మొదలుపెట్టి యాభై అరవై పేజీలకు ఆపేశా. డైరీలు, ఉత్తరాలు, బోర్. నిజంగా వణికించేది చెప్పండి.*
*– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్*

మీరు ఆపింది ఎక్కడో ఊహించగలను: కోట అయిపోయి అమ్మాయిల ఉత్తరాలు మొదలయ్యే చోట. చాలామంది అక్కడే దిగిపోతారు. మీరు నేరుగా ఏడో అధ్యాయానికి వెళ్లి డిమీటర్ ఓడ లాగ్‌బుక్ ఒక్కటీ చదవండి. రోజుకు నాలుగు ముక్కలు, గాలి ఎటు, సముద్రం ఎలా ఉంది, ఎవరు కనబడటం లేదు. అంతే. ఒక్కొక్కడూ తగ్గిపోతుంటాడు. కెప్టెన్ రాత ఆఫీసు రిపోర్టులా ఉన్నంత సేపూ మనకే చెమట్లు పడతాయి.

అది నచ్చితే ఎం.ఆర్. జేమ్స్. కేంబ్రిడ్జిలో పండితుడు, క్రిస్మస్ రోజుల్లో స్నేహితులకు కొవ్వొత్తి వెలుగులో చదివి వినిపించడానికి దయ్యాల కథలు రాసుకున్నాడు. 1904లో వచ్చిన సంపుటిలో ‘ఓ విజిల్, అండ్ ఐల్ కమ్ టు యు, మై లాడ్’ చూడండి. సముద్రం ఒడ్డున శిథిలాల్లో ఒక ప్రొఫెసర్‌కు పాత ఈల దొరుకుతుంది. బస చేసిన గదిలో రెండు మంచాలు, మనిషి ఒక్కడే. పొద్దున పనిమనిషి రెండు పక్కలూ సర్దాల్సి వచ్చిందంటుంది. సినిమాలో ఈ చోట పెద్ద చప్పుడు పెట్టి చెడగొడతారు.

నవలే కావాలంటే షర్లీ జాక్సన్ ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ (1959). ఇల్లే దయ్యం. చీకట్లో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకునే ఘట్టం దాకా రండి, తర్వాత బోర్ అంటే నాకు రాయండి.

*ఇంగ్లీషువే చెబుతున్నారు, తెలుగులో లేవా?*
*– ఏలూరు*

లేకేం. యండమూరి ‘తులసిదళం’ చదవకుండా ఒక తరం దాటిందా? చేతబడి, ఒక చిన్నపిల్ల. వారపత్రికలో వచ్చే రోజుల్లో ఇళ్లల్లో దాని కోసం కొట్టుకున్నారు. చేతబడి అనుమానంతో మనుషుల్ని కొట్టే వార్తలు ఇప్పటికీ వస్తుంటాయి కాబట్టి, పెద్దపిల్లలకు ఇస్తే ఆ ముక్క కూడా చెప్పి ఇవ్వండి. చిన్నవాళ్లకు పాత చందమామ బేతాళ కథలు చాలు. భుజాన శవం ఉన్నా ఏ పిల్లాడూ జడవడు, వాడి ధ్యాసంతా బేతాళుడు వేసే ప్రశ్న మీదే. మీ శాఖా గ్రంథాలయంలో అడిగితే తులసిదళం దొరకొచ్చు. చేతులు మారి మారి నలిగిన ప్రతి అయ్యుంటుంది, చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసుకుని మరీ తెచ్చుకోండి.