జినోబిలికి దేశం జెర్సీ అంటే ఎందుకంత ఇష్టం?

ప్రశ్న: మా వాడు ఇంటర్ చదువుతూ కాలేజీ టీముకు బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. మను జినోబిలి అంటే ప్రాణం. అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో నాలుగు టైటిళ్లు గెలిచినా, అతని అసలు గొప్పతనం అర్జెంటీనాకు ఆడిన ఆటలోనే ఉందని నాతో రోజూ వాదన. నాకు క్రికెట్ తప్ప తెలీదు. వాడి మాటలో నిజమెంత?
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: మీ అబ్బాయి మాటే రైటండీ. ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుతో 2003, 2005, 2007, 2014లో టైటిళ్లు గెలిచాడు, అది చిన్న విషయమని ఎవరూ అనరు. కానీ అక్కడ పక్కన టిమ్ డంకన్, టోనీ పార్కర్ లాంటి స్టార్లు ఉన్నారు, పైగా ఆ టీము జినోబిలి రాకముందే 1999లో ఒకసారి గెలిచింది. అర్జెంటీనా సంగతి వేరు. ఫుట్‌బాలే ఊపిరిగా బతికే దేశం అది. ఆ దేశంలో బాహియా బ్లాంకా అనే ఊరికి మాత్రం బాస్కెట్‌బాల్ పిచ్చి. జినోబిలి 1977లో పుట్టింది అక్కడే. నాన్న క్లబ్బులో కోచ్, అన్నలిద్దరూ ఆటగాళ్లే. తర్వాత జాతీయ జట్టులో అతనితో ఆడిన పెపె సాంచెజ్, మోంతెక్కియా కూడా ఆ ఊరివాళ్లే.

2002లో ఇండియానాపొలిస్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ జరిగింది. ఎన్‌బీఏ ఆటగాళ్లతో బరిలోకి దిగడం మొదలుపెట్టాక అప్పటిదాకా అమెరికా ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు, వరసగా 58 గెలిచింది. ఆ జట్టును వాళ్ల గడ్డ మీదే అర్జెంటీనా 87-80తో ఓడించింది. అప్పటికి జినోబిలి ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు! స్పర్స్ వాళ్లు 1999లో కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో అతన్ని 57వ పిక్‌గా తీసుకుని పెట్టుకున్నారంతే, తను ఇటలీలో ఆడుకుంటూ 2001లో బొలోన్యా క్లబ్బుతో యూరప్ క్లబ్బుల పెద్ద టోర్నీ యూరోలీగ్ గెలిచాడు. అయితే 2002 ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీస్‌లో చీలమండ బెణికింది. ఫైనల్లో యుగోస్లావియా మీద పెద్దగా ఆడలేకపోయాడు, జట్టు ఓవర్‌టైమ్‌లో ఓడిపోయింది. ఈ ఓటమి తెలియకపోతే ఏథెన్స్ విలువ అర్థం కాదని నా నమ్మకం.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచే మళ్లీ ఆ యుగోస్లావియాతో, అప్పటికి దాని పేరు సెర్బియా-మాంటెనెగ్రో అయింది. చివర్లో వాళ్లు 82-81తో ముందున్నారు, నాలుగు సెకన్లు కూడా లేవు. మోంతెక్కియా బంతి పట్టుకుని పరుగెత్తి జినోబిలికి అందించాడు, ఇతను నేల మీద కాలు నిలవకుండానే, పడిపోతూ పడిపోతూ ఎడమచేత్తో విసిరాడు, బంతి బోర్డుకు తగిలి రింగులో పడింది, బజర్ మోగింది, 83-82. మిగతా జట్టంతా వచ్చి అతని మీద పడ్డారు. ఆ వీడియో మీవాడి దగ్గర కచ్చితంగా ఉంటుంది, పక్కన కూర్చుని ఒక్కసారి చూడండి. సెమీస్‌లో అమెరికా మీద 29 పాయింట్లు కొట్టాడు, 89-81తో గెలిచారు. గ్రూపు దశలో తమను ఓడించిన ఇటలీని ఫైనల్లో 84-69తో కొట్టి బంగారు పతకం తెచ్చుకున్నారు. 1952 తర్వాత అప్పటిదాకా అర్జెంటీనాకు ఏ ఆటలోనూ ఒలింపిక్ స్వర్ణం రాలేదు, అదే రోజు ఫుట్‌బాల్ జట్టు కూడా స్వర్ణం గెలిచింది. ఎన్‌బీఏ ఆటగాళ్లను ఒలింపిక్స్‌కు పంపడం మొదలైన 1992 నుంచి పురుషుల బాస్కెట్‌బాల్ స్వర్ణం అమెరికా చేజారింది ఆ ఒక్కసారే. యూరోలీగ్, ఎన్‌బీఏ టైటిల్, ఒలింపిక్ స్వర్ణం మూడూ గెలిచినవాళ్లు చరిత్రలో ఇద్దరే, జినోబిలి, అతనికి ముందు అమెరికా ఆటగాడు బిల్ బ్రాడ్లీ.

ప్రశ్న: దేశానికి ఆడుతూ దెబ్బ తగిలించుకుంటే జీతమిచ్చే క్లబ్బుకు నష్టం కదా. ఆ టెన్షన్ అతనికి లేదా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ఎందుకుండదండీ, ఐపీఎల్ చూసే మనకు ఈ గొడవ కొత్తా? 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అర్జెంటీనా జెండా పట్టుకుని నడిచింది జినోబిలే. అప్పటికే చీలమండ బాగాలేదు, అయినా ఆడాడు, అమెరికాతో సెమీస్‌లో అదే చీలమండకు మళ్లీ దెబ్బ తగిలింది. కాంస్యం కోసం జట్టు లిథువేనియాను ఓడిస్తుంటే తను ఆడలేని స్థితి. తర్వాత ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. 2014లో కాలి ఎముకలో పగులు ఉందని స్పర్స్ అనుమతి ఇవ్వలేదు, ప్రపంచ కప్‌కు వెళ్లలేకపోయాడు. క్లబ్బును నేను తప్పుపట్టను, వాళ్ల లెక్క వాళ్లది. కానీ కుదిరినప్పుడల్లా వచ్చాడు, అది ముఖ్యం. 2006 ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్పెయిన్ చేతిలో 75-74తో సెమీస్ ఓటమి, 2012 లండన్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, ఇవన్నీ భరించి 39 ఏళ్ల వయసులో 2016 రియో ఒలింపిక్స్‌కూ వెళ్లాడు. క్వార్టర్స్‌లో అమెరికా చేతిలో ఓడిన రోజే జాతీయ జట్టుకు వీడ్కోలు చెప్పాడు, కళ్లు తుడుచుకుంటూ.

ప్రశ్న: మా పాపది ఎడమచేతి వాటం. షాట్ కుడిచేత్తో వేయమని కోచ్ పట్టుబడుతున్నారు. మార్చుకోవాలా?
– ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: దయచేసి మార్చకండి. డ్రిబుల్ రెండు చేతులా నేర్చుకోమనండి, అది ఎవరికైనా అవసరమే. షాట్ మాత్రం పాప ఏ చేత్తో తేలిగ్గా వేయగలిగితే ఆ చేత్తోనే వేయనివ్వండి. పైన చెప్పిన ఏథెన్స్ వీడియో కోచ్‌గారికి ఒకసారి చూపించండి, జినోబిలి బంతి విసిరింది ఏ చేత్తోనో ఆయనే చూస్తారు.